సీసాలో చీటీ

మొన్న మధ్యాహ్నం కాలేజీ పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పేరు వచ్చింది. పేరు కింద "ఇక లేరు" అని, దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఎవరబ్బా ఈయన అనుకుని, నేనూ ఒక దణ్ణం పెట్టేసి, పప్పులోకి పోపు వెయ్యడానికి లేచాను. ఆవాలు చిటపటలాడుతుంటే గుర్తొచ్చింది. కీపరు గారు. పొయ్యి కట్టేసి, మళ్ళీ ఫోను తీసి ఆ పేరు చూశాను.

పక్కపక్క గదుల్లో అన్నేళ్ళు పనిచేసిన మనిషిని పేరు చూసి పోల్చుకోలేదంటే తప్పు పూర్తిగా నాది కాదు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు కాలేజీలో లేరు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ దాకా అందరికీ ఆయన కీపరే. ఇక్కడ కూడా పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళకే ఆయన ఎవరో తెలియకుండా పోతుంది.

విజయనగరంలో మా కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటు వెనక ఒక పొడుగాటి గది ఉండేది. బోర్డు మీద మ్యూజియం అని ఉండేది, పిల్లలు వింతల కొట్టు అనేవారు. అందులో ఉన్న సామాను నిజానికి కాలేజీది కాదు. తెల్లదొరల కాలంలో ఊళ్ళో కొందరు వకీళ్ళు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఒక మిషన్ ఆసుపత్రి దొరగారు, లెక్కల పిచ్చి ఉన్న ఒక ఠాణేదారు కలిసి విజ్ఞాన సమాజం ఒకటి పెట్టుకున్నారట. నెలకోసారి ఎవరో ఒకరి సావిట్లో చేరేవారు. ఒకాయన వ్యాసం చదివితే మిగతావాళ్ళు ఆయన్ని చెడా మడా ఉతికేవారు. వచ్చే ప్రతివాళ్ళూ ఒక వింత వస్తువు పట్టుకు రావాలని నియమం. అలా చేరాయి రెండు తలల దూడ, ఒంటినిండా పొలుసులుండే అలుగు తోలు, రంపపు చేప ముక్కు, తిమింగలం వెన్నుపూస, ఆవు కడుపులోంచి తీసిన వెంట్రుకల ఉండ, బోలెడన్ని పాములూ చేపలూ. సభ్యులు ఒక్కొక్కరే పోయాక వాళ్ళ పిల్లలకి ఈ దూడతో ఏం చెయ్యాలో తెలియక అన్నీ బళ్ళమీద వేసి మా కాలేజీకి తోలేశారు. సమాజం పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

కీపరు గారికి మాత్రం ఆ సమాజం ఇంకా నడుస్తూనే ఉండేది. ఆయన మేనమామ ఆయనకి ముందు కీపరు. ఆ మేనమామకి నేర్పినవాడు సమాజం కాలంలోనే ఆ సీసాలు తుడిచిన మనిషి. అందుకని ఏ విషయం వచ్చినా "సమాజం వోళ్ళు ఒప్పుకోరమ్మా" అనేవారు. వాళ్ళెవరో పక్క గదిలో కూర్చుని ఉన్నారేమో అన్నంత ధీమాగా అనేవారు.

సన్నగా, పొడుగ్గా, చెవి వెనక ఒక పెన్సిలు ముక్కతో ఉండేవారు. ఫార్మలిన్లో నాని నాని వేళ్ళ కొసలు తెల్లబడిపోయాయి. వాసన కూడా తెలిసేది కాదు. మధ్యాహ్నం మ్యూజియం మెట్ల మీద కూర్చుని చోడి అంబలి తాగుతూ, "మా యావిడ సేపలు మాడ్సేసినా నాకు తెల్దమ్మా. అందుకే మా కాపరం ఇలగ సాగతన్నాది" అని ఆయనే నవ్వేవారు.

గది గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక రేకు పళ్ళెం ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళు జేబులో పెన్ను అందులో పెట్టి వెళ్ళాలి. ఎందుకంటే సీసాల్లో ఉన్నవాటికి చీటీ బయట అంటించరు. లోపల స్పిరిట్లోనే, ఆ ప్రాణి పక్కనే వేస్తారు. దళసరి కాగితం మీద పెన్సిలుతో రాస్తే ఎన్నేళ్ళున్నా చెరగదు, సిరా అయితే కరిగిపోతుంది. సమాజంలో ఒక వకీలు గారు గొప్పకి పోయి సీమ సిరాతో రాసిన చీటీ ఒక తేలు సీసాలో వేస్తే వారం తిరక్కుండా సీసా అంతా నీలం అయిపోయిందట. ఆ నీలం తేలుని కీపరు గారు కొత్తవాళ్ళకి తప్పకుండా చూపించేవారు. ఓసారి ప్రిన్సిపాల్ గారు పళ్ళెం చూసి "నేను కూడానా?" అన్నారు.

"తమరు ప్రిన్సిపాలని స్పిరిట్టుకేటి తెలస్తాది బాబూ" అన్నారు కీపరు గారు, ఎంతో మర్యాదగా. ప్రిన్సిపాల్ గారు పెన్ను తీసి పళ్ళెంలో పెట్టారు.

ఆ చీటీల మీద నాలుగు పంక్తులు ఉండేవి. నంబరు, వస్తువు, ఎవరు ఎక్కడినుంచి తెచ్చారు, ఆఖరున "తెచ్చినవారి తలంపు". ఈ నాలుగోది సమాజం వాళ్ళ చాదస్తం. తెచ్చినవాడు దాన్ని ఏమనుకుని తెచ్చాడో అది కూడా రాయాలి, తప్పైనా సరే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నెల్లిమర్ల వైపు నుంచి ఒక రైతు తువ్వాల్లో నున్నటి రాయి ఒకటి మూట కట్టుకుని వచ్చాడు.

"ఏటిది?" అన్నారు కీపరు గారు.

"పిడుగు బాబూ. మా దుక్కిలో పడ్డాది."

"పడతుంటే సూసినావేటి?"

"నానెక్కడ సూసినాను? మా తాత సెప్పినాడు, ఇలాటివన్నీ పిడుగులేనని."

కీపరు గారు చెవి మీది పెన్సిలు తీసి రాశారు. రాయి. నెల్లిమర్ల దగ్గర దుక్కిలో దొరికినది. పూర్వపు మనుషులు చెక్కిన గొడ్డలి. తెచ్చినవారి తలంపు: పిడుగు. తాత చెప్పినాడు.

రైతు వెళ్ళాక నేను నవ్వాను. సైన్సు మ్యూజియంలో పిడుగేమిటండీ, ఆ ముక్క కొట్టెయ్యండి అన్నాను.

"రాయి గురించి తప్పేనమ్మా. ఆడి గురించి నిజిమే కదేటి" అన్నారు. నాకప్పుడు అదొక ముసలి మొండితనంలా అనిపించింది. ఆయనకప్పటికి యాభై కూడా లేవు.

నా సంగతి చెప్పాలి. విశాఖపట్నంలో చదివి వచ్చాను, కాలేజీలో కంప్యూటర్ వచ్చిన ఒకే ఒక్క లెక్చరర్ని, ప్రొబేషన్ ఇంకా అవలేదు. తెలివి తక్కువేం కాదు గానీ మిడిసిపాటు బాగా ఎక్కువ. ఆ ఏడు కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి బయటినుంచి ఒక కమిటీ వస్తోందన్నారు. మ్యూజియం తీర్చిదిద్దే పని నాకిచ్చారు. కీపరు గారు మేనకోడలి పెళ్ళికని ఐదు రోజులు సెలవు పెట్టి రామతీర్థం వెళ్ళారు. పెళ్ళి కొండ కింద గుళ్ళో. వెళ్ళేముందు తాళాలు నా చేతికిచ్చి, "స్పిరిట్టు తగ్గితే పొయ్యండమ్మా, మరేటీ ముట్టుకోకండి" అన్నారు.

నేను అన్నీ ముట్టుకున్నాను.

సీసాల్లో పసుపుపచ్చగా నానిన ఆ కాగితం ముక్కలు చూస్తే నాకు వెలపరంగా ఉండేది. ఇద్దరు ల్యాబ్ అసిస్టెంట్లని పెట్టి, పొడుగు పటకార్లతో ప్రతి సీసాలోంచీ చీటీ తీయించి ఒక బకెట్లో వేయించాను. కోట దగ్గర డీటీపీ సెంటర్లో శాస్త్రీయ నామాలు అందంగా ప్రింటు తీయించి, స్టిక్కర్లు సీసాల బయట అంటించాను. అంతటితో ఆగితే ఇంకా బతికిపోయేవాళ్ళమేమో. బీరువాలు ముచ్చటగా కనిపించాలని సీసాలన్నిటినీ ఎత్తు ప్రకారం సర్దించాను. చిన్నవి ముందు, పెద్దవి వెనక. నూరేళ్ళ వరస ఒక మధ్యాహ్నంలో పోయింది.

సమాజం వాళ్ళ పెద్ద రిజిస్టరు ఉంది కదా అనుకున్నాను. రిజిస్టర్లో ఉన్నవి నంబర్లు, వాటి పక్కన కథలు. ఏ సీసా ఏ నంబరో చెప్పేది లోపలి చీటీ ఒక్కటే. జువాలజీలో పీజీ చేసినదానికి అంతమాత్రం తట్టలేదు.

కీపరు గారు పెళ్ళినుంచి నేరుగా మ్యూజియానికే వచ్చారు. చేతికి పసుపు దారం అలాగే ఉంది. బీరువాల వైపు చూశారు, తర్వాత మూల ఉన్న బకెట్ వైపు చూశారు. కేకలేస్తారనుకున్నాను. ఆయన నేల మీద కూర్చుని బకెట్లో చెయ్యి పెట్టి, చీటీలు ఒక్కొక్కటీ చిరక్కుండా తీసి ప్రాక్టికల్ బల్లల మీద ఆరబెట్టడం మొదలుపెట్టారు. రెండు బల్లలు నిండాయి.

"వరస గుర్తున్నాదా అమ్మా?" అన్నారు తలెత్తకుండా.

లేదన్నాను. పైగా, "జాతి చూసి చెప్పెయ్యచ్చు కదండీ, ఇందులో ఏముంది" అన్నాను.

"జాతి సెప్పొచ్చమ్మా. ఏ ఊర్నుండొచ్చినాదో, ఎవులు తెచ్చినారో దాన్నడిగితే సెప్తాదేటి?"

కమిటీ వచ్చింది, బీరువాలు చూసి చాలా బాగున్నాయంది. నా పేరు రిపోర్టులోకి ఎక్కింది. వానాకాలం రాగానే స్పిరిట్ ఆవిరికీ గదిలో చెమ్మకీ స్టిక్కర్లు అంచులు లేచి ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. దీపావళి నాటికి సీసాల మీదా ఏమీ లేదు, లోపలా ఏమీ లేదు.

ఆ మాఘమాసంలో ఒకావిడ వచ్చింది. కళింగపట్నం వైపు బెస్తపల్లె ఆవిడ. ఏటా రథసప్తమికి అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, మర్నాడు బస్సెక్కి మా మ్యూజియానికి వచ్చేదట. ఆవిడ మొగుడు పోలయ్య ఎప్పుడో తన వలలో పడ్డ ఒక పాముచేపని కుండలో పెట్టి, బస్సులో అందరిచేతా తిట్లు తింటూ తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత రెండేళ్ళకి సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఫోటో లేదు, శవం దొరకలేదు. ఆయన పేరు రాసి ఉన్న కాగితం లోకం మొత్తం మీద ఆ సీసాలో చీటీ ఒక్కటే. ఆవిడకి చదువు రాదు. కీపరు గారు సీసా దించి బల్ల మీద పెట్టి చదివేవారు, ఆవిడ వినేది, వెళ్ళిపోయేది.

ఆ రోజు నేను గదిలోనే ఉన్నాను. కీపరు గారు మూడు సీసాలు దించారు. మూడింటిలోనూ పాముచేపలే. స్పిరిట్లో ఏళ్ళు గడిస్తే అన్నీ ఒకే తెలుపు, ఒకే చుట్ట. ఆయన అట్టపెట్టెలోంచి ఆరిన చీటీ తీసి చదివారు.

"పాముచేప. కళింగపట్నం. తెచ్చినవారు పోలయ్య. తెచ్చినవారి తలంపు: దీనికి సముద్రం అడుగున ఇల్లున్నది. నేను పట్టకుండా ఉండవలసినది."

ఆవిడ తల ఊపింది. తర్వాత మూడు సీసాల వంకా చూసి, "ఇందులో మావోడు తెచ్చింది ఏది బాబూ?" అంది.

ఏదో ఒకటి చూపించినా ఆవిడకి తెలియదు. నేనైతే చూపించేసేదాన్ని. కీపరు గారు రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిలబడ్డారు.

"తెల్దు తల్లీ. సీటీలు కలిసిపోనాయి. తప్పు నాదే."

ఆవిడ సీసాల మీంచి ఆయన వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ బాగానే కాసినావు కదా, ఇప్పుడేటొచ్చినాది నీకు?" అని మెటికలు విరిచినంత కటువుగా అంది. మళ్ళీ తనే, "సర్లే, మూడూ సూసెల్తాను" అని, ఒక్కో సీసా ముందూ వంగి వంగి చూసింది. నేను నా కొత్త చీరంచు సర్దుకుంటూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. తప్పు నాదమ్మా అనడానికి నాలుగడుగులు వెయ్యాలి, వెయ్యలేదు. మరుసటి ఏడు ఆవిడ రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

ఇంకో ఏడాదికి చేపల మీద పనిచేసే ఒక పెద్దాయన ఎక్కడో ఉత్తరాదినుంచి వచ్చారు. సమాజం వాళ్ళు పట్టిన ఒక చేప కోసం ఆయన ఊళ్ళన్నీ తిరుగుతూ చివరికి మా దగ్గరికి చేరారు. చేప ఉంది, చీటీ అట్టపెట్టెలో ఉంది, అది ఏ సీసాదో తెలియదు. మనిషి కళ్ళనీళ్ళ పర్యంతమై, తిరిగి వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. విచారణ పెట్టారు. చీటీలు తీసిందెవరు? నేను స్టిక్కర్లు అంటించానని అందరికీ తెలుసు, లోపలి చీటీలు తీసిన ల్యాబ్ అసిస్టెంట్లిద్దరూ మాత్రం అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయారు.

ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్, సూపరింటెండెంటు, నేను, కీపరు గారు. నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నారు, "నానే బాబూ. కడుగుదామని తీసినాను." సూపరింటెండెంటు "అనుకున్నాను" అన్నాడు. వాళ్ళు నమ్మడానికి అరక్షణం కూడా పట్టలేదు. చదువుకున్న లెక్చరర్ అలాంటి పని చేస్తుందా, అటెండరు చేస్తాడు గానీ! సంజాయిషీ కాగితం ముందుకు తోశారు. ఆయన జేబు తడుముకుని నా వైపు తిరిగారు.

"మేడంగారూ, మీ పెన్నోసారి ఇస్తారా?"

ఇచ్చాను. నా పెన్నుతో, నేను చేసిన పని తను చేశానని రాసి సంతకం పెట్టి, మూత పెట్టి తిరిగి నా చేతికే ఇచ్చారు. నాకు ప్రొబేషన్ డిక్లేర్ అయ్యేది ఆ నెల్లోనే. భయపడ్డాను. అప్పట్లో దానికి భయం కాకుండా రకరకాల పేర్లు పెట్టుకున్నాను. ఇంట్లో పరిస్థితి అనుకున్నాను. పర్మనెంట్ అయ్యాక చెప్పేద్దాం అనుకున్నాను. అయ్యాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని మానేశాను.

ఆయన్ని మ్యూజియంలోంచి తీసేసి ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫైళ్ళు మొయ్యడం, గంట కొట్టడం. మ్యూజియం తాళాలు నాకే ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళ ఆయన వచ్చి గుమ్మంలో నిలబడేవారు, నేను తాళం తీసేదాన్ని. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. అట్టపెట్టె ముందు పెట్టుకుని, ఒక్కో చీటీని వెలుతురుకి పట్టి చూసేవారు. కాగితానికి అంటుకున్న ఒక పొలుసు, ఏ సీసాలో స్పిరిట్ ఏ రంగు తేలిందో ఆ రంగు మరక, దారం గుచ్చిన రంధ్రం, ఇలాంటి ఆనవాళ్ళు పట్టుకుని జత కలిపేవారు. కుదిరిన రోజున "దొరికినాదమ్మా, ఇది బొబ్బిలి ఉడుము" అని చంటిపిల్లని ఇంటికి చేర్చినంత సంబరపడేవారు. అనుమానం ఉంటే మాత్రం వేసేవారు కాదు. "బహుశా" అని పక్కన రాసి వేసెయ్యండి అని నేనంటే, "సమాజం వోళ్ళు ఒప్పుకోరమ్మా" అన్నారు.

ఆయన రిటైరయ్యేనాటికి సగం పైన ఇంటికి చేరాయి. పోలయ్య చీటీ పెట్టెలోనే ఉండిపోయింది.

రిటైర్మెంట్ సభ అయ్యాక, శాలువా మడతపెట్టుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్ళి, "కీపరు గారూ, అప్పుడు ఆ చీటీలు..." అన్నాను.

"నాతోటేటి సెప్తారమ్మా, నాకు తెలుసు కదా" అన్నారు. ఆ మాటకి నా గుండెలమీద బరువు దిగిపోయింది. క్షమించేశారనుకున్నాను. అంత తేలిగ్గా ఎలా అనుకున్నానో!

సంతాపసభకి నిన్న శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్ళాను. ఇప్పటి ప్రిన్సిపాల్ నా దగ్గర చదువుకున్నవాడే. కీపరు గారి గురించి బాగానే మాట్లాడాడు, చివర్లో "ఆ లేబుళ్ళ విషయంలో జరిగిన ఒక్క పొరపాటు తప్పిస్తే మచ్చలేని మనిషి" అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. మైకు ముందు నిలబడ్డాను. రేకు పళ్ళెం గురించి చెప్పాను, నీలం తేలు గురించి చెప్పాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నాకిప్పుడు ఉద్యోగం లేదు, ప్రొబేషన్ లేదు, అడిగేవాళ్ళు లేరు. అయినా ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. వచ్చి కూర్చున్నాను.

వరండాలో టీ ఇస్తుంటే ఆయన కూతురు నా దగ్గరికి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. తండ్రి పొడుగే వచ్చింది.

"బాగా మాట్లాడినారు మేడంగారూ" అంది.

నాన్నగారు మంచి మనిషమ్మా అన్నాను.

"నాన్న ఇంట్లో సెప్పినాడండి, అప్పుడే. అమ్మయితే కాలేజీకెల్లి అడిగేస్తానని చెప్పులేసుకున్నాది కూడా. 'ఒగ్గేయే, సదువుకున్నావిడ, ఆవిడే సెప్తాది' అన్నాడు."

గొంతు పెంచలేదు. ఆస్పత్రిలో పేషెంటు తాలూకు మనిషికి విషయం చెప్పినట్టుగానే చెప్పింది. నేను తల దించుకుని, "తర్వాత?" అన్నాను.

"తర్వాతేటుంటాదండి. కాలేజీ వోళ్ళు ఎవులైనా ఇంటికొస్తే, ఆళ్ళెల్లిపోయాక అడిగేవోడు, మేడం ఏటైనా సెప్పినాదంటా అని. లేదంటే, సెప్తాదిలే అనేవోడు. పోయిన నెల్లో కూడా అడిగినాడు."

ఎవరో పిలిస్తే ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను టీ గ్లాసు గోడ మీద పెట్టి గబగబా హాల్లోకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాడట. మైకు తీసేశారు. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒక్కడే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. నన్ను చూసి ఆగి, ఏటి కావాలి మేడం అన్నాడు.

"ఆ చీటీలు తీయించింది నేను" అన్నాను.

అతను చేతిలో కుర్చీ దించి, "ఏ సీటీలండి?" అన్నాడు.